పన్నెండున్నర సంతకం

ఉడికిన కోడిగుడ్డు పెంకు ఒలిచే విద్యను అరవై నాలుగు కళలలో చేర్చకపోవడం మన పూర్వులు చేసిన తీరని అపరాధం. చోరకళకు చోటిచ్చారు, జూదానికి చోటిచ్చారు, చిలుకలకు మాటలు నేర్పడాన్ని సైతం మరువలేదు. పెంకునూ, దాని కిందనుండే పలుచని పొరనూ, తెల్లసొనకు గాయం తగలకుండా ఒకే ఊపున వేరుచేసే మహావిద్యను మాత్రం గాలికి వదిలేశారు. ఆ అలక్ష్యానికి మూల్యం చెల్లించే భాగ్యం శతాబ్దాల తరువాత, నిరుటి వానాకాలంలో, మా ఇంటికి దక్కింది.

నా పేరు ప్రాణేశ్. ఆండర్సన్‌పేటకు ఆవల, సాయంత్రం నాలుగింటికల్లా మూతబడిన బంగారు గనుల సైనైడు మట్టి దిబ్బ నీడ వచ్చి పడే చోట ఉన్న సర్కారు బడికి ప్రధానోపాధ్యాయుణ్ణి. మాధ్వ బ్రాహ్మణులం. మా తాత, మా తండ్రి గనుల కచేరీలో గుమాస్తాలు. భూమికి మైలు లోతున ఇతరులు ఏం చేశారో, పైన పంకా కింద కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో నమోదు చేయడం వారి వృత్తి. నేను ముప్పై నాలుగేళ్లు పిల్లలకు భాష చెప్పాను. ఇప్పుడు వారానికి ఒక్క పీరియడు చెబుతున్నాను. మిగిలిన కాలమంతా ఫోటోలు తీస్తాను. పిల్లలు చేతులు కడుక్కునే ఫోటో, వరుసలో కూర్చున్న ఫోటో, కూర్చున్నవారిని నేను చూస్తున్న ఫోటో. వాటిని పైకి పంపాలంటే ఫోనుకు సిగ్నలు కావాలి. సిగ్నలు మా బడి ఆవరణ మొత్తంలో నీళ్లట్యాంకు మూడో మెట్టు మీద మాత్రమే నివసిస్తుంది. రెండో మెట్టుకు దిగదు, నాలుగో మెట్టుకు ఎక్కదు. రోజుకు రెండు గంటలు ఆ మెట్టు మీద, కుడిచేయి ఆకాశానికెత్తి, విజయస్తంభంలా నిలబడే వృద్ధుణ్ణి చూసి పిల్లలు విద్య గురించి ఏమనుకుంటున్నారో నేనెప్పుడూ అడగలేదు.

ఇదంతా సహించదగినదే. సహించరానిది మరొకటుంది.

మధ్యాహ్న భోజనంలో పిల్లలకు గుడ్డు పెడుతున్నారు. మంచి పని. మా బడిలో నూట నలభై రెండు మంది పిల్లలు. వారిలో నూట పద్దెనిమిది మందికి గుడ్డు, తక్కిన ఇరవై నలుగురికి అరటిపండు. వడ్డించే ముందు, పన్నెండున్నరకు, ప్రధానోపాధ్యాయుడు రుచి చూసి, రుచి రిజిస్టరులో అభిప్రాయం రాసి సంతకం చేయాలి. అన్నం, సాంబారు, అరటిపండు విషయాలలో నా నిజాయితీ నిష్కళంకం. అరటిపండు విషయంలోనైతే కొంత అత్యుత్సాహం కూడా చూపానని ఒప్పుకుంటాను. కాని గుడ్డు? రిజిస్టరులో 'ఇతరములు' అని ఒక గడి ఉంది. గడి ఉన్నచోట ఖాళీ వదలడం మా వంశంలో లేదు. తినడం అంతకన్నా లేదు.

ఈ ధర్మసంకటాన్ని మా ప్రధాన వంటమనిషి నరసమ్మ అరక్షణంలో తీర్చింది. ఆమెకు అరవై దగ్గర పడుతోంది. వాళ్ల మామ చిత్తూరు వైపు పల్లెనుంచి గని పనికి వచ్చినవాడు, భర్త ఆ గనిలోనే పనిచేసి పోయినవాడు.

"దానికేముండాది సామీ? నేను తింటా, మీరు రాయండి," అంది.

అలా నా నాలుక ఆమెకు దత్తత పోయింది. రోజూ వంటగది గుమ్మంలో నిలబడి ఒక గుడ్డు తిని "బాగుండాది సామీ!" అని కేకవేసేది. నేను నా గదిలోనుంచి "రుచి చూడబడినది, బాగున్నది" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఎవరు చూశారన్నది ఆ వాక్యం అడగలేదు, నేను చెప్పలేదు. పది నెలల్లో రెండు వందల పైచిలుకు అబద్ధాలు, అన్నీ గుండ్రటి అక్షరాలతో.

జూన్‌లో బడి తెరిచేసరికి ఒక సంగతి స్పష్టమైంది. పొద్దున గేటు కనబడగానే నా కాళ్లు నెమ్మదిస్తున్నాయి. పదవీ విరమణకు ఇంకా ఇరవై రెండు నెలలుంది. అంతవరకూ ఆగడమా, మూడు నెలల నోటీసిచ్చి ఇప్పుడే దిగిపోవడమా? ఈ ప్రశ్న నాతోబాటు భోజనానికి కూర్చునేది, నాతోబాటు లేచేది.

ఇంట్లో ఆషాఢం నుంచి చాతుర్మాస్యం. నా భార్య భాగీరథి ఆ నాలుగు నెలలూ వ్రతాన్ని పాటించే తీరు చూస్తే పూర్వం ఋషులకు ఇల్లాళ్లు ఎంత అవసరమో అర్థమవుతుంది. రాబర్ట్‌సన్‌పేటలోని మా ఇంటికి ముందువాకిలి ఉన్నా, గుడ్లు బడిలో కాలుపెట్టిన నాటినుంచి నాకు పెరటివాకిలే గతి. కొళాయి దగ్గర తొట్టి, తొట్టి పక్కన చెంబు, చెంబు పక్కన భాగీరథి.

"ఆడే నిలబడండి. ఈ పొద్దు ముట్టుకున్నారా?"

"ముట్టుకోలేదు. లెక్కపెట్టాను, అంతే."

"ముట్టుకోకుండా ఎట్ల లెక్కపెడతారు?"

"చూపుడువేలితో. దూరంనుంచి."

"ఆ వేలిమింద ఇంగో చెంబు పోసుకోండి."

పోసుకున్నాను. ఆషాఢమాసపు నీళ్లు ఎముకలను పలకరిస్తుండగా, తుండుగుడ్డ కట్టుకున్న మనిషికి సాధ్యమైనంత గాంభీర్యంతో ప్రకటించాను: "భాగీరథీ, నేను దిగిపోదామనుకుంటున్నాను."

"యాడనుంచి?"

"ఉద్యోగంనుంచి. శ్రావణంలో అర్జీ ఇస్తే కార్తీకంలో విముక్తి."

ఆమె చెంబు బోర్లించింది. "మీ ఇష్టం. రెండే మాటలు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చొని నా పోపులకి హాజరు తీసుకోవద్దు. ఇంగ, గుడ్డు వల్ల వదిలేసినానని ఎవురికీ చెప్పొద్దు. మా పుట్టింటోళ్లు నవ్వుతారు."

"మరేం చెప్పమంటావు?"

"మోకాలునొప్పని చెప్పండి. గౌరవంగా ఉంటాది."

"గుడ్డు వల్ల కాదు," అన్నాను. "సంతకం వల్ల. నేను తినలేదు. తిన్నట్టు రాస్తున్నాను. రోజూ."

భాగీరథి నా వైపు మొదటిసారి చూసినట్టు చూసింది. ఈ విషయం ఆమెకు అంతవరకూ తెలియదు.

"అబద్ధం రాస్తా ఉండారా?"

"రోజుకొకటి."

ఆమె తొట్టిలోకి చూసింది. సగం నీళ్లున్నాయి. "దీనికయితే నా దగ్గర స్నానం లేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రే అర్జీ మొదటి ప్రతి తయారైంది. నాలుగు పుటలు. విద్యావ్యవస్థ పతనం, భాషకు జరిగిన అన్యాయం, ఒక సామాన్య ఉపాధ్యాయుని అంతరాత్మ అని మూడు ప్రకరణాలు. రెండో ప్రతిలో అంతరాత్మను కుదించాను. మూడోదానికి వచ్చేసరికి తెలిసిందేమిటంటే, అర్జీకి ముద్రిత నమూనా ఉందట. అందులో కారణం రాయడానికి బెత్తెడు గీత ఇచ్చారట. మోకాలునొప్పి అందులో సరిగ్గా పట్టింది.

దాన్ని మొదట నంజుండప్పకు చూపాను. నంజుండప్ప మా బడి అభివృద్ధి సమితికి అధ్యక్షుడు. మనవడు ఐదో తరగతి. గని నడిచిన కాలంలో ఆయన షాఫ్టు మీద ఇంజను డ్రైవరు. పాతాళంలోకి మనుషులను దింపేదీ, పైకి తెచ్చేదీ ఇనుప బోనయితే, ఆ బోనుకు తాడును వదిలేదీ చుట్టేదీ ఆయన ఇంజను. రోజూ పదకొండింటికి వచ్చి వరండాలో కూర్చుని, బడి పనిని పర్యవేక్షిస్తున్నట్టు కునుకు తీస్తాడు.

"ఏం మేష్ట్రే, మొగం ముడుచుకొని ఉండాది?"

"బేజారప్పా."

"ఎవురి మింద?"

అర్జీ చేతికిచ్చాను. కళ్లజోడు లేకుండా చేయి బారజాపి, చాలాసేపు చదివాడు. "నీ మోకాలు బాగనే ఉండాదే. దినామూ ట్యాంకెక్కుతావుంటివి."

"అది వేరే సంగతి. వద్దంటావా?"

"నేనేమన్నా అన్నానా?" కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "గని మూసిన నాడు నాకు నలభై రెండేండ్లు మేష్ట్రే. పొద్దున డూటీకి పోతే గేటుకి బీగం. ఏమప్పా నంజుండప్పా, నీకు ఎప్పుడు దిగల్లని ఉండాదని ఒగడన్నా అడిగినాడా? ఇల్లు చేరినాక మా ఆడమనిసి అడిగింది, ఇంత తొందరగా వచ్చినావేమని. ఏం చెప్పల్ల? నీకు గేటు బార్లా తెరిచి ఉండాది. తెరిచిన గేటు కాడ నిలబడి పోదునా వద్దునా అని నలిగేటోణ్ణి ఇదే మొదటి తూరి చూస్తా ఉండేది. సుమ్నే, ఊరికే చూస్తా ఉండా. బాగుండాది చూసేదానికి."

"నంజుండప్పా, సలహా అడిగాను."

"సలహానా?" ఆయన కాళ్లు చాపుకున్నాడు. "నాకు తెలిసింది ఒగటే రూలు. తాడుకి మనుషులు తగులుకొని ఉండంగా డ్రైవరు కుర్చీలోంచి లేయకూడదు. ఒంటికి వచ్చినా లేయకూడదు. ఆఖరోడు కాలు బయటపెట్టినాక, అప్పుడు లేయి, టీ తాగు, సంసారం వదిలేసి కాశికి పో, ఎవురూ అడగరు."

ఇది యంత్రశాస్త్రానికి సంబంధించిన విషయమనుకుని అర్జీని సంచిలో పెట్టుకున్నాను. శ్రావణంలో రెండో సోమవారం, మంచి హోర చూసి, తాలూకా కచేరీలో ఇవ్వాలని నిశ్చయమైంది.

ఆ సోమవారానికి నాలుగు రోజుల ముందు గురువారం వచ్చింది. గురువారాలు అలా రావడం కొత్తేమీ కాదు గాని, ఈ గురువారం గురించి కొంత పూర్వకథ చెప్పాలి. పన్నెండున్నరకు ఫోటోల రద్దీ ఎక్కువవడంతో నా సంతకం క్రమంగా ముందుకు జరుగుతూ వచ్చింది. మొదట పన్నెండు, తరువాత పదకొండున్నర, ఆషాఢానికి పదకొండు. వంటగదిలో నీళ్లింకా మరగకముందే రిజిస్టరులో గుడ్డు రుచిగా ఉండేది. అబద్ధానికి వేళాపాళా ఎందుకన్నది నా తర్కం.

ఆ గురువారం ట్యాంకు మూడో మెట్టు మీద చేయెత్తి నిలబడి ఉన్నాను. వంటగదినుంచి మూతమీద గరిటె మోత వినిపించింది. వెనుకనే నరసమ్మ గొంతు.

"వడ్డించొద్దండి! ఒగరూ ముట్టుకోవద్దండి! ఏయ్ పిల్లోళ్లారా, అన్నం తట్టలు కింద పెట్టండి!"

పరుగెత్తాను. మోకాలు సహకరించింది. నరసమ్మ గిన్నెకు అడ్డంగా, రెండు చేతులూ బారచాచి నిలబడి ఉంది.

"ఏమైంది?"

"గుడ్లు బాగలేదు సామీ. పైనది ఒగటి తింటి. అనుమానమొచ్చె. అడుగునుంచి ఇంగొకటి తీసి తింటి."

"అప్పుడు?"

"అనుమానం పాయ."

గుడ్లు మొత్తం గొయ్యి తీసి పూడ్చాం. నాగరత్న, మా సహోపాధ్యాయిని, స్కూటరు మీద వెళ్లి పేటలో దొరికిన అరటిపండ్లన్నీ మోసుకొచ్చింది. పిల్లలు అన్నం, సాంబారు, పండు తిని, ఎప్పటిలాగే ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. గుడ్ల వ్యాపారి సాయంత్రం వచ్చి, ఎండ మీద, లారీ మీద, కోళ్ల మీద నెపం వేసి, కొత్త గుడ్లు తెస్తానని ప్రమాణం చేసి పోయాడు. మూడింటికి నరసమ్మ వంటగది వెనుక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఆటోలో ఇంటికి పంపాము.

తరువాత నా గదికి వచ్చి రిజిస్టరు తెరిచాను. గురువారం. గుడ్డు. రుచి చూడబడినది, బాగున్నది. కింద నా సంతకం, మా తాత పోలికలతో సహా. చాలాసేపు చూశాను. చివరికి ఎర్ర సిరాతో కొట్టివేసి, "బాగాలేదు" అని రాశాను. ముప్పై నాలుగేళ్లుగా పిల్లల రాతలు దిద్దిన సిరా అది. నా రాత మీద పడటం మొదటిసారి.

మరునాటి సాయంత్రం నాలుగు ఎళనీరు కాయలు, అంటే లేత కొబ్బరిబోండాలు, కొని ఆండర్సన్‌పేట వెళ్లాను. నరసమ్మది రేకుల ఇల్లు. ముందుగదిలో చాప మీద పడుకుని ఉంది. గోడ మీద ఇనుప టోపీ పెట్టుకున్న భర్త ఫోటో. నన్ను చూసి లేవబోయింది.

"ఏంటికొచ్చినారు సామీ, కుర్చీ కూడా లేదు."

"నిలబడతాను. పడుకో. ఎలా ఉంది?"

"నిన్న కడుపులో డైనమైటు పేలిచ్చినట్లుండె. ఈ పొద్దు పొగ మాత్రమే ఉండాది."

సంచి భుజానే ఉంది. అందులో అర్జీ ఉంది. దారంతా సిద్ధం చేసుకున్న సమాసభూయిష్ఠమైన వాక్యం ఒకటుండేది. అది రాలేదు.

"నరసమ్మా, అది నేను తినవలసింది," అన్నాను.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది.

"మీరా? మీరు తినింటే ఏం తెలిసేది సామీ? మంచిగుడ్డు రుచే తెలీనోళ్లకి చెడ్డగుడ్డు రుచి యాడ తెలుస్తాది? గుడ్డంటే ఇట్లనే ఉంటాది గాబోలు అనుకొని, బాగున్నదని రాసేసింటారు. నూటా పద్దెనిమిది మందికి పెట్టేసింటారు."

తర్కశాస్త్రం నేనూ కొంత చదువుకున్నాను. పూర్వపక్షాన్ని ఇంత నిశ్శేషంగా ఖండించినవారిని చూడలేదు.

"రిటైరు అయితారంట గదా?" అంది. "నంజుండప్ప చెప్పినాడు."

"అనుకుంటున్నాను."

"పోండి సామీ. చాలా ఏండ్లు చేసినారు. మీ తర్వాత వచ్చేటోళ్లు తినేటోళ్లయితే నా నాలికకి కూడా సెలవు, రజా."

"తినేవాళ్లు కాకపోతే?"

"కాకపోతే నేనుండానే," అంది నరసమ్మ, అది ఒక ప్రశ్నే కానట్టు, ఎళనీరు కాయ ఎక్కడ కొడితే తెరుచుకుంటుందో వేలితో తట్టి చూస్తూ.

సోమవారం వచ్చింది. శ్రేష్ఠమైన హోర పన్నెండు ఇరవైకి మొదలై ఒంటి గంట ఇరవైకి ముగుస్తుంది. తాలూకా కచేరీకి పోవాలంటే పదకొండున్నరకు బయలుదేరాలి. నరసమ్మ ఇంకా రాలేదు. సహాయకురాలు వంట ముగించింది. పదకొండున్నరకు సంచి తగిలించుకుని వంటగది ముందునుంచి గేటు వైపు నడుస్తూ, ఎందుకో ఆగాను. ఆ ఆగడం పన్నెండుంపావు దాకా సాగింది.

నాగరత్న వచ్చింది. "నేను తింటాను సార్. నాకేముంది, ఇంట్లో తినేదే."

"వద్దమ్మా," అన్నాను. ఇంకొక నాలుకను అరువడగడానికి నాకు నోరు రాలేదు. "ఒకటి పళ్లెంలో పెట్టి నా గదికి పంపించు."

తలుపు దగ్గరికి వేశాను. బల్లమీద గుడ్డు, దాని ముందు నేను. పెంకును కొట్టడానికి తగిన పరికరం కోసం వెదికి, ఆఫీసు ముద్రను ఎంచుకున్నాను. మొదటి దెబ్బకు గుడ్డు దొర్లి హాజరు పట్టీ మీదికి పోయింది. రెండో దెబ్బకు పెంకు వెయ్యి ముక్కలయింది. వెయ్యి ముక్కలనూ గోటితో ఒక్కొక్కటిగా పెకలించాను. పొర తెల్లసొనను వదలనంది, తెల్లసొన పొరను వదలనంది. ఐదు నిమిషాల తరువాత పళ్లెంలో మిగిలినది గుడ్డు కాదు, గుడ్డు శిథిలం.

తిన్నాను.

ప్రపంచమేమీ కంపించలేదు. ట్యాంకు కింద ఎవరో పిల్లవాడు ఎక్కాలు తప్పుగా చెబుతున్నాడు. నోట్లో మెత్తగా, కొంచెం పొడిగా, దేనిలాగానూ లేని ఒక రుచి. వెగటు వస్తుందని కాసేపు ఎదురుచూశాను, రాలేదు. అప్పుడు రిజిస్టరు తీసి, పన్నెండున్నరకు, "రుచి చూశాను. బాగున్నది" అని రాసి సంతకం చేశాను.  

ఆ రోజు కచేరీకి వెళ్లడానికి వీలుపడలేదు.

సాయంత్రం పెరట్లో చెంబు పక్కన భాగీరథి నిలబడి ఉంది.

"ఈ పొద్దు ముట్టుకున్నారా?"

"తిన్నాను."

ఎత్తిన చెంబు ఎత్తినట్టే ఉండిపోయింది. ప్రహరీ అవతల ఆటో ఒకటి మొరాయించి, దగ్గి, కదిలి, వీధి చివరిదాకా పోయి, వినబడకుండా పోయింది.

"ఎన్ని?"

"ఒకటి."

"అబద్ధం రాసినారా?"

"లేదు."

ఆమె చెంబు వంచింది. నీళ్లు నా నెత్తిమీద పడ్డాయి. రోజూ మూడు చెంబులు. ఆ రోజు ఐదు పోసింది. ఐదోది పోస్తూ అడిగింది: "రేపు?"

"రేపు కూడా."

రాత్రి భోజనానికి కూర్చున్నాను. చాతుర్మాస్యంలో మొదటి నెల కూరలు నిషిద్ధం, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. ఇది పెరుగు మానిన నెల. విస్తట్లో ముద్ద కలుపుతూ నేను శాస్త్రాన్నంతా మనసులో తిరగేశాను. నాలుగు నెలల్లో ఏ నెలలోనూ గుడ్డు పేరు లేదు. దాన్ని కూడా మాకు నిషేధించవలసి వస్తుందని ఎవరికీ తోచినట్టు లేదు.

మరునాడు బడిలో క్యారియరు విప్పితే పై గిన్నెలో చిన్న కాగితం పొట్లం కనబడింది. మిరియాలూ ఉప్పూ కలిపి మెత్తగా నూరిన పొడి. పాళ్లు సరిగ్గా కుదిరాయి. గుడ్డు గడప తొక్కని ఇంట్లో ఆ పాళ్లు ఎవరు ఎవరికి, ఎప్పుడు నేర్పారో నేను అడగలేదు. ఆ వారంనుంచి నా స్నానం తిరిగి మూడు చెంబులకు దిగింది. ముందువాకిలి తలుపు కూడా ఒకనాడు తెరిచి కనబడింది. అది మరిచిపోయి తెరిచి ఉంచినదేమోనని నేను పెరటి వైపే వెళ్లాను.

"ముందర తలుపు కనబడలేదా?" అంది లోపలినుంచి.

నరసమ్మ పన్నెండు రోజుల తరువాత పనిలోకి వచ్చింది. నేను తింటున్నానని విని నమ్మలేదు. ఒలిచిన గుడ్లు రెండు పళ్లెంలో పెట్టి తెచ్చి, నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడింది. వరండాలో నంజుండప్ప కునుకు ఆపాడు.

"ఒగటి ఈ పొద్దు ఉడికినది. ఒగటి నిన్న మిగిలినది. ఏది ఏదో చెప్పండి సామీ."

విశ్వవిద్యాలయం నాకు స్వర్ణపతకమిచ్చిన నాటి మౌఖిక పరీక్షలో కూడా నేనంత ఏకాగ్రత చూపలేదు. మొదటిది కొరికాను. రెండోది కొరికాను. మళ్లీ మొదటిది కొరికాను.

"ఇది నిన్నటిది. అంచు రబ్బరులా ఉంది."

నరసమ్మ నంజుండప్ప వైపు తిరిగింది. "నేర్చుకున్నాడప్పా!" అంది. ఏకవచనం దొర్లింది. ఆమె గమనించలేదు, నేను సరిదిద్దలేదు.

"అయితే మోకాలు ఏమాయ మేష్ట్రే?" అన్నాడు నంజుండప్ప.

"ఇంకా ఇరవై నెలలు పనిచేస్తుందట."

ఈ నిర్ణయానికి తగిన ఉపన్యాసం నా దగ్గర ఉండేది. ధర్మం, ధైర్యం, నాలుక మొదలైనవాటిపై ఒక పావుగంట. ఆయన అప్పటికే కళ్లు మూసుకున్నాడు. అర్జీని నాలుగు ముక్కలు చేసి నరసమ్మ పొయ్యిలో వేశాను. సంచిలో వానకు తడిసిన కాగితం, సరిగా మండలేదు.

నేను మారిపోయానని చెప్పను. ట్యాంకు మూడో మెట్టు నా కోసం ఇప్పటికీ ఎదురుచూస్తోంది. వారానికి ఒక్క పీరియడే. ఉద్యోగం మీద నా అసంతృప్తి యథాతథంగా ఉంది. దానికి పన్నెండున్నరకు చేయవలసిన పని ఒకటి దొరికింది, అంతే. ఇప్పుడు గేటు కనబడితే కాళ్లు నెమ్మదించడం లేదు. పన్నెండున్నర సంతకం పన్నెండున్నరకే పడుతోంది. భాగీరథి పుట్టింటివారికి నేను పదవీకాలం పూర్తిచేస్తున్న విషయం తెలిసి, కర్తవ్యనిష్ఠ అని మెచ్చుకున్నారట. ఆమె ఖండించలేదు.

దసరా సెలవులకు ముందు రోజు రుచి రిజిస్టరు నిండిపోయింది. ఆఖరి ముప్పై పైచిలుకు వరుసల్లో ఒక్క అబద్ధం లేదు. పెద్దల ఆస్తి అప్పగిస్తున్నవాడిలా దాన్ని రెండు చేతులతో నాగరత్నకు అందించి, కొత్తది తెరవమన్నాను. ఆమె కొత్త రిజిస్టరు అట్ట తిప్పి, లోపలివైపు చూస్తూ ఉండిపోయింది.

"సార్, ఇక్కడ సూచనలున్నాయి."

"చదువు."

"వండిన అన్నం, సాంబారు మాత్రమే రుచి చూసి రాయాలంట. గుడ్డు, అరటిపండు ఇందులో రాయనక్కర లేదంట."

"కొత్తగా చేర్చి ఉంటారు," అన్నాను గంభీరంగా.

నాగరత్న పాత రిజిస్టరు తీసుకుని, దానికి వేసిన ఖాకీ కాగితపు మడతను గోటితో పైకి లేపి, వంగి చూసింది.

"ఇందులోనూ ఉంది సార్. మడత కింద మునిగిపోయింది."

ఆ అట్ట వేసింది నేనే.